మిల్ రోడ్డు దాటినవాళ్ళు

క్లేబర్న్, నార్త్ కెరొలైనా
1986 మే 12, సోమవారం

చిరంజీవి ప్రేమజ్యోతికి, ప్రభువు నిన్ను చల్లగా చూచును గాక.

ఈ ఉత్తరం ఈ రోజే రాయడానికి కారణం ఉంది. పోయిన మంగళవారం నేను సిటీ కౌన్సిల్ సభకు వెళ్ళి నీకు వ్యతిరేకంగా మాట్లాడాను. ఈ సంగతి మీ అమ్మ ఫోనులో నవ్వుతూ చెప్పకముందే నా చేత్తో నేను రాయడం న్యాయం.

ఈస్టరు సెలవుల్లో నువ్వు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించిన అర్జీ కౌన్సిల్‌కి చేరింది. మన వీధికీ, మన తెలుగువాళ్ళుండే రేణు వాళ్ళ అపార్టుమెంట్లకీ ఎదురుగా, మిల్ రోడ్డు మీద ట్రాఫిక్ సిగ్నల్ పెట్టాలన్న నీ కోరిక వాళ్ళు గౌరవంగానే చదివారు. కానీ ఊళ్ళో నీళ్ళు లేవు. చలికాలం నుంచి సరైన వాన పడలేదు. రిజర్వాయరు అంచుల్లో బురద ఎండి పెచ్చులుగా లేస్తోంది. గడ్డికి నీళ్ళు పట్టకూడదు, కార్లు కడగకూడదు అని ఇంటింటికీ కాగితాలు పంచారు. పక్క ఊరి నుంచి పైపు వేసి నీళ్ళు తెచ్చుకోవాలి. ఈ ఏడు ఉన్న డబ్బు పైపుకో సిగ్నల్‌కో ఒక్కదానికే సరిపోతుందని మేయరు చెప్పింది.

మాట్లాడదలచిన వాళ్ళకు మూడు నిమిషాలు ఇస్తారు. సమయం అయిపోతే బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది. నేను పైపు కావాలన్నాను. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకు, బట్టలు జాడించిన నీళ్ళు బాత్రూముకు ఎలా వాడతామో, ముగ్గురున్న మా ఇంట్లో వారానికి ఎన్ని బకెట్లు మిగులుతున్నాయో చెప్పాను. మొదట నవ్వారు, తర్వాత రాసుకున్నారు. ఎర్రదీపం వెలగకముందే కూర్చున్నది నేనొక్కదాన్నే. బయటికి వస్తుంటే మీ నాన్న సుందర్ రాజ్, "అత్తయ్యగారూ, రేపటి నుంచి ఊరంతా మీకు హోంవర్కు చూపించుకోవాలి" అన్నాడు.

నీ సిగ్నల్ వద్దని నేను అనలేదు. దాహం ముందు, దారి తర్వాత అన్నాను. తప్పనిపిస్తే రాయి. తెలుగులో రాయి.

ఆశీర్వచనాలతో
నీ అమ్మమ్మ, మణి


హెర్న్‌డన్, వర్జీనియా
మే 19

డియర్ అమ్మమ్మా,

నీ లెటర్ వచ్చింది. నువ్వు నా సొంత అమ్మమ్మవి, నా మీదే స్పీచ్ ఇచ్చావు. ఆఫీస్‌లో అందరికీ చెప్పాను, పడి పడి నవ్వారు.

ముందు ఒక రిక్వెస్ట్. నా లెటర్‌ని ఎర్ర ఇంకుతో దిద్ది వెనక్కి పంపొద్దు ప్లీజ్. పోయినసారి నా రూమ్మేట్ అది చూసి, లాయర్ నోటీసు వచ్చిందా అని అడిగింది.

సమ్మర్ జాబ్ బాగుంది. మా ఆఫీస్ వాళ్ళు రోడ్లు డిజైన్ చేస్తారు. నేను ఎక్కువ ఫొటోకాపీలు చేస్తాను. మా బాస్‌కి నా పిటిషన్ గురించి చెప్తే ఒక మాట అన్నాడు. సిటీ వాళ్ళు డిసైడ్ చేసే ముందు ఒక మనిషిని పంపిస్తారట. అతను మిల్ రోడ్ పక్కన కూర్చుని జనాన్ని చూస్తాడు. అతను ఏం రిపోర్ట్ రాస్తే అదే ఫైనల్.

అందుకని అమ్మమ్మా, మనవాళ్ళని కొంచెం చూసుకో. ఈస్టర్‌కి వచ్చినప్పుడు నేను చూశాను కదా. రేణు ఆంటీ వాళ్ళ బిల్డింగ్ వాళ్ళందరూ గుంపుగా దాటుతారు. ఒక చేత్తో చీర, ఒక చేత్తో పాప ఉన్న స్ట్రోలర్, రోడ్ మధ్యలో ఆగి కబుర్లు. ట్రక్ వాడు హార్న్ కొడితే వాడికి చెయ్యి ఊపుతారు, తెలిసినవాడు అనుకుని. పిల్లలు స్కూల్ బ్యాగ్‌లతో పరిగెత్తుతారు. నాకు సిగ్గేసింది. ఆ మనిషి వచ్చినప్పుడు మనవాళ్ళు డీసెంట్‌గా కనబడాలి. నువ్వు చెప్తే వింటారు. నేను చెప్తే నీకింకా పెళ్ళి కాలేదు అంటారు.

లవ్,
జ్యోతి


క్లేబర్న్
జూన్ 3

చిరంజీవి జ్యోతికి, దీవెనలు.

నీ ఉత్తరంలో తప్పులు దిద్దాను గానీ పంపడం లేదు. నువ్వు వచ్చినప్పుడు చూద్దువుగాని.

నువ్వు చెప్పిన మనిషి వచ్చాడు. పోయిన మంగళవారం, బుధవారం రెండు రోజులూ ఉన్నాడు. రోడ్డు పక్క మడతకుర్చీ వేసుకుని, గడ్డి టోపీ పెట్టుకుని, ఒళ్ళో అట్ట, చేతిలో బొత్తాం ఉన్న చిన్న యంత్రం. కిటికీలోంచి చూడగానే పోల్చుకున్నాను. నరసాపురంలో మా మిషన్ హైస్కూలుకు ఇన్‌స్పెక్టరుగారు ముందు చెప్పకుండా వచ్చి వేపచెట్టు కింద అచ్చం ఇలాగే కూర్చునేవారు. ఆయన గేటు దాటేలోగా బడి మొత్తం సర్దేసేదాన్ని. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా మా బడి మీద చెడ్డ మాట రాయించుకోలేదు. ఇక్కడా ఆ రెండు రోజుల్లో మనవాళ్ళను వేలెత్తి చూపించే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. ఎలాగన్నది నువ్వు వచ్చాక చెబుతాను.

ఆ పనిలో నాకు కుడిభుజం వసుమతిగారు. రేణు వాళ్ళమ్మ. నువ్వు చూశావు, సన్నగా ఉంటారు, కొవ్వూరు నుంచి మనవణ్ణి చూసుకోడానికి వచ్చారు. ఇంగ్లీషు రాదు గానీ అపార్టుమెంట్లలో అమెరికన్ ఆడవాళ్ళందరికీ ఆవిడంటే ఇష్టం. రోజూ సాయంత్రం నాతో నడకకు వస్తారు. ఎప్పుడూ నా వెనక నాలుగడుగుల దూరంలో నడుస్తారు. పక్కన నడవమంటే, "మీ పక్కన నడిస్తే ఏ ఎక్కమో అప్పజెప్పమంటారు" అంటారు.

నీళ్ళ సంగతి. రోడ్డు అవతల ఫైర్ స్టేషన్‌లో పాత బావికి పంపు బిగించారు. మొక్కలకు ఆ నీళ్ళే పట్టుకెళ్ళమన్నారు. ఇంటి కొళాయి నీళ్ళు ఒక్క చెంబు కూడా మొక్కకు పోయడానికి వీల్లేదని మనవాళ్ళందరికీ చెప్పాను. వసుమతిగారు కుండీలో తులసి పెంచుతున్నారు. "దేవుడి మొక్కకు కూడానా?" అన్నారు. దేవుడి మొక్కకు ముందు అన్నాను. ఒప్పుకున్నారు.

నీ అమ్మమ్మ, మణి


హెర్న్‌డన్
జూన్ 11

డియర్ అమ్మమ్మా,

ఒక గుడ్ న్యూస్. నాకు ఫొటోకాపీల నుంచి విడుదల. ఈ వారం నేనే ఒక జంక్షన్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను! నీ ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉన్న మెషీనే నా చేతిలో. ఇప్పుడు నాకు అంతా తెలిసింది, కాబట్టి నీకు పాఠం చెప్తాను, శ్రద్ధగా విను.

అది ఇన్‌స్పెక్షన్ కాదు అమ్మమ్మా. ఎవరు ఎలా నడిచారో ఎవరూ రాయరు. ఒక మనిషి దాటితే ఒక నొక్కు. చీర అయినా సూట్ అయినా ఒకటే. గుంపుగా దాటినా, మధ్యలో నిలబడి కబుర్లు చెప్పినా ఫర్వాలేదు. పిల్లలు పరిగెత్తితే ఇంకా మంచిది, అక్కడ డేంజర్ అని పక్కన నోట్ రాస్తారు. గంటకి ఇంతమంది దాటాలి అని రూల్ ఉంది. అంతమంది వస్తే సిగ్నల్ ఇవ్వాలి. రాకపోతే లేదు. అంతే సంగతి.

అంటే నేను నీకు రాసింది రాంగ్. డీసెంట్‌గా కనబడక్కర్లేదు. ఊరికే కనబడితే చాలు. మనవాళ్ళు ఎటూ పొద్దున, సాయంత్రం అక్కడే దాటుతారు, నంబర్ ఈజీగా వచ్చేసి ఉంటుంది. నీ పైపు, నా సిగ్నల్ రెండూ ఇస్తారేమో.

ఇంతకీ ఆ రెండు రోజులు మనవాళ్ళని ఏం చేశావు? లైన్‌లో నిలబెట్టావా? చెప్పు, చెప్పు.

లవ్,
జ్యోతి


క్లేబర్న్
జూలై 10

జ్యోతికి,

నీ ఉత్తరం చేరి చాలా రోజులైంది. జవాబు రాయడానికి ఇంత ఆలస్యం నేను ఎప్పుడూ చేయలేదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

మొన్న మంగళవారం కౌన్సిల్ నిర్ణయం చెప్పింది. నీళ్ళ పైపు మంజూరైంది. ఆగస్టులో తవ్వకం మొదలవుతుంది. సిగ్నల్ ప్రస్తుతానికి లేదు. మిల్ రోడ్డు లెక్క మీద ఒక కాగితం చదివారు. ఆ చోట దాటేవారు చాలా అరుదు అని అందులో ఉంది. ఒక సభ్యుడు నీ అర్జీని పైకెత్తి చూపించి, సంతకాలు ఇన్ని ఉన్నాయి, పాదాలు మాత్రం కనబడలేదు అన్నాడు. నవ్వారు.

మేయరు నీళ్ళ విషయంలో నాకు పేరు పెట్టి కృతజ్ఞత చెప్పింది. నేను రెండో వరుసలో కూర్చుని ఉన్నాను. ఏమీ మాట్లాడలేదు.

మీ అమ్మ, నాన్న బాగున్నారు. వేళకు భోజనం చెయ్యి.

మణి


హెర్న్‌డన్
జూలై 16

అమ్మమ్మా,

లెటర్ రెండుసార్లు చదివాను. దాటేవారు అరుదు అంటే ఏమిటి? ఈస్టర్ వీక్‌లో నేను ఆ రోడ్ పక్కన కూర్చుని సంతకాలు పెట్టించాను. అరగంటలో ఒక స్కూల్ బస్ నిండేంత మంది దాటారు. వాళ్ళందరూ ఏమయ్యారు?

మా బాస్‌కి చూపించాను. అతను రెండే కారణాలు ఉంటాయి అన్నాడు. ఒకటి, లెక్కపెట్టినతను నిద్రపోయాడు. రెండు, ఆ రోజు ఏదో స్పెషల్, జనం అటు రాలేదు. అతను నిద్రపోయాడు అని కంప్లైంట్ రాద్దామా అనుకుంటున్నాను. అతని జాబ్ పోతుందేమో, కానీ ఇది ఫెయిర్ కాదు కదా.

నువ్వు రెండు రోజులూ కిటికీలోంచి చూశావు. అతను నిద్రపోయాడా? నేను పోయిన లెటర్‌లో ఒక ప్రశ్న అడిగాను, నువ్వు జవాబు రాయలేదు. నువ్వు ఎప్పుడూ అన్ని ప్రశ్నలకీ నంబర్ వేసి జవాబు రాస్తావు.

జ్యోతి


క్లేబర్న్
ఆగస్టు 2, శనివారం

జ్యోతికి,

ఫిర్యాదు రాయకు. ఆయన నిద్రపోలేదు.

మంగళవారం సాయంత్రం వసుమతిగారిని మిల్ రోడ్డు మీద కారు గుద్దింది. మీ అమ్మ ఫోనులో చెప్పే ఉంటుంది. ప్రాణానికి భయం లేదు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది, ఇనుప కడ్డీ వేశారు. ఇవాళ ఆసుపత్రికి వెళ్ళి వచ్చాను. అక్కడ ఆవిడ అన్న మాటలు విన్న తర్వాత ఇంకా దాచిపెట్టి కూర్చోవడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

ఆవిడ ఫైర్ స్టేషన్ బావి నుంచి రెండు డబ్బాలతో తులసికి నీళ్ళు తెస్తున్నారు. ఇంటి కొళాయి నీళ్ళు వద్దన్నది నేను. నన్ను చూడగానే లేవబోయారు. పడుకోమన్నాను. నా చెయ్యి పట్టుకుని ఇలా అన్నారు: "తప్పు నాదేనండి, మణిగారూ. మీరు చెప్పిన దారినే వెళ్ళాల్సింది. రెండు డబ్బాలతో అంత దూరం చుట్టూ తిరగలేక ఇటు అడ్డంగా వచ్చేశాను. మీ మాట వినకపోతే ఇలాగే అవుతుంది."

నేను చెప్పిన దారి ఏమిటో ఇప్పుడు నీకు చెప్పాలి.

ఆ మనిషి కుర్చీ వేసుకున్న మంగళవారం పొద్దున్నే నేను అపార్టుమెంట్లకు వెళ్ళి తలుపు తలుపూ తట్టాను. తనిఖీకి వచ్చారు, ఆయన కళ్ళముందు ఒక్కరు కూడా రోడ్డుకు అడ్డంగా నడవకూడదు అని చెప్పాను. బడిపిల్లల్ని, తల్లుల్ని, పాప బండ్లను ఒకే వరుసలో నిలబెట్టాను. నేను ముందు, వసుమతిగారు చివర. పెట్రోలు బంకు దగ్గర ఉన్న పాత సిగ్నల్ దాకా అరమైలు నడిపించి, అక్కడ దీపం చూసి దాటించి, మళ్ళీ అరమైలు వెనక్కి తెచ్చాను. రెండు రోజులూ, పొద్దునా సాయంత్రమూ. రేణు కాళ్ళు నొప్పులంటే కోప్పడ్డాను. అమెరికన్ పిల్లలిద్దరు సరదాగా మా వరుసలో చేరారు, వాళ్ళనూ తీసుకుపోయాను. ఆయన మావైపు చూసి టోపీ ఎత్తి పలకరించాడు. మా క్రమశిక్షణకు మెచ్చుకున్నాడనుకుని పొంగిపోయాను.

ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు అల్లరి పిల్లల్ని వెనక వరండాలోకి పంపడం నాకు అలవాటు. వాళ్ళను చూస్తే బడికి చెడ్డపేరు. ఇక్కడ ఆయన వచ్చిందే వాళ్ళ కోసమని నాకు తెలియలేదు.

తెలియలేదన్నది నీ జూన్ ఉత్తరం వచ్చేవరకే నిజం. ఆ తర్వాత తెలిసింది. కౌన్సిల్‌లో ఆ కాగితం చదివిన రోజు లేచి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. లేవలేదు. నీళ్ళు ముఖ్యం కదా, ఏది జరిగినా మంచికే అని సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. అదే సభలో మేయరు నన్ను మెచ్చుకుంటోంది. ఆ మెప్పు విన్నాక నేను పొరపాటు చేశానని అనలేకపోయాను. నీళ్ళ కోసం కాదు, పరువు కోసం ఊరుకున్నాను.

ఇంకొకటి. ఆయన కుర్చీ మడుచుకుని వెళ్ళిన మర్నాడే నేను పాత చోటే అడ్డంగా దాటాను. అందరూ అలాగే దాటారు. నేను చెప్పిన మాటను రెండు నెలల పాటు పట్టుకున్నది వసుమతిగారొక్కరే. చివరికి ఆ రోజు ఒక్కరోజు వదిలారు.

పోలీసు కాగితంలో తప్పు ఆవిడదని రాశారు. జనం దాటని చోట హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చిందట. కారు నడిపిన అమ్మాయిదీ నీ వయసే, ఆసుపత్రికి వచ్చి వరండాలో ఏడుస్తూ కూర్చుంది. ఊరి పత్రికలో కూడా అలాగే రాశారు. రేణు అది చదివి, "మా అమ్మకి రోడ్డు దాటడం రాదని ఊరంతా అనుకుంటోంది ఆంటీ" అంది. జనం దాటని చోటు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గదిలో నాకు మాత్రమే తెలుసు. పండు ఒలిచి పెట్టి వచ్చేశాను.

మణి


హెర్న్‌డన్
ఆగస్టు 8

అమ్మమ్మా,

ఈ లెటర్ నాలుగుసార్లు రాసి చింపాను.

మొదటిది చాలా కోపంగా రాశాను. నువ్వు నన్ను చిన్నప్పుడు లెక్కల్లో ఒక్క మార్క్ తప్పుగా పడిందని టీచర్ దగ్గరికి వెనక్కి పంపావు. ఎక్కువ వేశారు, తగ్గించమని చెప్పి రా అన్నావు. నేను ఏడ్చుకుంటూ వెళ్ళాను. ఆ అమ్మమ్మ రెండో వరుసలో కూర్చుని ఊరుకుంది అంటే నేను నమ్మలేకపోయాను. ఇంకో సంగతి కూడా. నేను ఆ మనిషి మీద కంప్లైంట్ టైప్ చేసి కవర్‌లో పెట్టాను. ఒక్క రోజు లేట్ అయితే పోస్ట్ చేసేదాన్ని. అతని జాబ్ నా చేత్తో తీసేసేదాన్ని.

తర్వాత నా మే నెల లెటర్ ఏం రాశానో గుర్తు తెచ్చుకున్నాను. మనవాళ్ళని చూసుకో అని రాసింది నేను. సిగ్గేసింది అని రాసింది నేను. వసుమతి ఆంటీ ట్రక్ వాడికి చెయ్యి ఊపితే నాకు సిగ్గు. నేను ఇక్కడ పుట్టాను కదా, నాకు ఎప్పుడూ అదే భయం, ఎవరో చూస్తున్నారు, మనం సరిగ్గా లేము అని. నీకు ఇన్‌స్పెక్టర్, నాకు అందరూ ఇన్‌స్పెక్టర్లే. నువ్వు మనవాళ్ళని దాచావు. దాచమని అడిగింది నేను. ఈ తప్పు నీ ఒక్కదాని పేరు మీదే రాసుకోవద్దు.

కానీ వసుమతి ఆంటీకి నువ్వు చెప్పాలి. ముందు ఆంటీకి, తర్వాత కౌన్సిల్‌కి. ఆ ఆర్డర్‌లో. ఆవిడ తప్పు తనది అనుకుంటూ పడుకుంది అమ్మమ్మా.

మా బాస్ ఒక జోక్ చెప్పాడు. రీకౌంట్ వస్తే మీ వాళ్ళందరినీ రోజంతా అటూ ఇటూ దాటించు, సిగ్నల్ కాదు, బ్రిడ్జ్ కట్టిస్తారు అని. నేను నవ్వలేదు. కానీ కొంచెం ఆలోచించాను.

సెప్టెంబర్ ఫస్ట్‌న లేబర్ డే సెలవుకి వస్తున్నాను.

నీ జ్యోతి


క్లేబర్న్
ఆగస్టు 21, గురువారం

చిరంజీవి ప్రేమజ్యోతికి,

ఈ రోజే రాయడానికి కారణం, నువ్వు చెప్పిన రెండు పనులూ నువ్వు చెప్పిన వరుసలో అయ్యాయి. రెండూ జరిగినట్టుగా రాస్తాను. నాకు అనుకూలంగా ఏమీ కలపను.

వసుమతిగారిని ఇంటికి తెచ్చారు. రేణు వంటింట్లో ఉండగా మంచం పక్కన కుర్చీలో కూర్చుని అంతా చెప్పాను. కుర్చీలో మనిషి ఎందుకు వచ్చాడు, నేను ఏమనుకున్నాను, ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఎన్నాళ్ళు ఊరుకున్నాను. ఆవిడ అంతా అయ్యాక ఆలోచించి ఆలోచించి అడిగారు.

"అంటే ఆయన మనల్ని లెక్కపెట్టడానికి వస్తే, మనం దాక్కున్నామా, మణిగారూ?"

దాక్కున్నాము, నేనే దాచాను అన్నాను.

"మరి నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను, మీ మాట వినలేదు కాబట్టి కాలు విరిగిందని." ఆవిడ కాలి వైపు చూసుకున్నారు. "విన్నందుకా?"

ఆవిడ నిద్రొస్తోందని ముఖం అటు తిప్పుకున్నారు. నిద్ర కాదని ఇద్దరికీ తెలుసు. తర్వాత రెండు రోజులు వెళితే పడుకున్నారని రేణు గుమ్మంలోనే చెప్పింది. రేణు కూడా నన్ను లోపలికి రమ్మనలేదు. ఆంటీ అని పిలవడం మానేసింది. అది న్యాయమే.

మూడో రోజు సాయంత్రం రేణు మన తలుపు తట్టింది. మొహం సీరియస్‌గా పెట్టుకుని, అమ్మ ఒక మాట చెప్పమంది అంది. "తులసి ఎండిపోతోందట. బావినీళ్ళే పోయాలట. మీరే పోయాలట." చెప్పి వెళ్ళిపోయింది. నేను క్రైస్తవురాలిని, ఆ మొక్క ముందు నిలబడి ఏమనుకోవాలో నాకు తెలియదు. నీళ్ళు పోశాను. ఆవిడ కిటికీలోంచి చూశారు. కుడివైపు కూడా పోయమని వేలితో చూపించారు.

ఇక కౌన్సిల్. మొన్న మంగళవారం నా పేరు పిలవగానే ఒక సభ్యుడు, ఈసారి ఎన్ని బకెట్లండీ అన్నాడు. అందరూ స్నేహంగా నవ్వారు. ఆ నవ్వు తగ్గాక చెప్పడం కష్టమైంది. అయినా చెప్పాను. మీ మనిషి సరిగ్గా లెక్కపెట్టాడు, ఆయన తప్పు లేదు. అక్కడ రోజూ దాటేవాళ్ళను ఆ రెండు రోజులూ నేను వేరే దారిన తీసుకుపోయాను. జూలైలో మీరు కాగితం చదువుతున్నప్పుడు నాకు తెలుసు, చెప్పలేదు. మీ కాగితాన్ని నమ్మి పోలీసులు వసుమతిగారిది తప్పని రాశారు. ఆవిడ మిగతా ఊరంతా దాటే చోటే దాటారు.

మేయరు నెమ్మదిగా, ఎంతమందిని తీసుకువెళ్ళారో అంకె చెప్పగలరా అని అడిగింది. అంకె నాకు తెలుసు. అంకెలు చెప్పడం నాకు అలవాటే. కానీ నోటికి రాలేదు. ఆ అట్ట మీద సున్నా అయిపోయినవాళ్ళను మళ్ళీ అంకె చేయబుద్ధి కాలేదు. పేర్లు చెప్పాను. మొదట వసుమతిగారు. తర్వాత రేణు, రేణు కొడుకు, ఒక్కొక్క తలుపు వరుసనే, మా వరుసలో సరదాగా చేరిన ఆ ఇద్దరు పిల్లలతో సహా. సగంలో ఎర్రదీపం వెలిగింది. జీవితంలో మొదటిసారి దీపం చూసి కూడా ఆగలేదు. మేయరు చెయ్యి చాపి దీపం ఆర్పేసింది. కానివ్వండి అంది.

సిగ్నల్ ఇస్తామని అనలేదు. ఆ డబ్బు పైపుకు పోయింది. తవ్వకం మొదలైంది, మన వీధి చివర మట్టి గుట్టలు పోశారు. అయితే బడులు తెరిచాక సెప్టెంబరు రెండో వారంలో మళ్ళీ లెక్కపెడతారు. లెక్క సరిపోతే వచ్చే ఏడు పద్దులో మొదట సిగ్నలే. ఈలోగా రోడ్డు మీద తెల్లచారలు గీస్తారు. పోలీసు కాగితానికి నా వాంగ్మూలం జతచేస్తారు. సభ అయ్యాక ఆ మడతకుర్చీ మనిషి నా దగ్గరికి వచ్చాడు. వెనక వరుసలో ఉన్నాడట. ఆ వరుసను చూసి ఏదో బడి విహారయాత్ర అనుకున్నానండీ అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

నిన్నటి నుంచి అపార్టుమెంట్ల ఆడవాళ్ళు అడుగుతున్నారు, ఈసారి ఎలా నడవాలి మణిగారూ అని. ఒకావిడ మీ బాసు చెప్పిన మాటే చెప్పింది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ తిరుగుదామని. నాకూ ఒక్క క్షణం ఆశ పుట్టింది. మీ ఇష్టం వచ్చినట్టు నడవండి అన్నాను. వాళ్ళు నమ్మలేదు. ఏదో ఆజ్ఞ వెనక ఉందనుకుని నిలబడ్డారు.

ఇక జరగవలసినవి:

1. లెక్క జరిగే రోజున ఎవరినీ ఎలా నడవాలో నేను చెప్పకూడదు. నేను రోజూ దాటే వేళకే దాటాలి. ఒక్కసారి తక్కువ కాకూడదు, ఎక్కువా కాకూడదు.

2. లెక్క చాలకపోతే మళ్ళీ కౌన్సిల్‌కి వెళ్ళాలి. అప్పుడు మాట్లాడవలసింది నువ్వు. నీ అర్జీ, నీ మూడు నిమిషాలు.

3. పత్రికవాళ్ళు వసుమతిగారి గురించి రాసింది సరిదిద్దాలి. ఆ ఉత్తరం నేను రాశాను, ఎర్ర ఇంకుతో నువ్వు దిద్దాలి.

4. నువ్వు లేబర్ డేకి వచ్చినప్పుడు ముందు మన ఇంటికి కాదు, ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. మే నెలలో నువ్వు రాసింది నువ్వే చెప్పుకోవాలి. నా వాటాలో నీది కలపను, నీ వాటాలో నాది దాచను.

5. ఆవిడ కర్ర పట్టుకుని లేచేదాకా తులసికి బావినీళ్ళు నేను మొయ్యాలి.

6. ఆవిడ మళ్ళీ సాయంత్రం నడకకు వచ్చిన రోజున, వస్తే, ఆవిడ ముందు నడవాలి. నాలుగడుగుల వెనక నేను.

నీ అమ్మమ్మ,
మణి